కప్ప చెప్పిన సాక్ష్యం

పోయిన వారం ఎలిశిబను పెరట్లో జామచెట్టు మొదట్లో వంగి వాంతి చేసుకుంటుండగా వదిలేసి వచ్చాం. ఆడకూతురిని ఆ స్థితిలో వదిలి రావడం మర్యాద కాదు, నిజమే. కానీ ఏం చేస్తాం, సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మంలో అత్త జ్ఞానమ్మ వచ్చి నిలబడింది. కొంగుతో మూతి తుడుచుకుని వెనక్కి తిరిగిన ఎలిశిబకు, చేతిలో చేట పట్టుకుని నవ్వుతున్న అత్త కనబడింది. పెళ్ళయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో అత్తచేత తిట్లు తిన్నది, బుద్ధులు చెప్పించుకున్నది, జ్వరమొస్తే సేవలూ చేయించుకున్నది. ఆమె ఇంత నిండుగా నవ్వగా చూడటం మాత్రం అదే మొదటిసారి. ఆ నవ్వు చూసి ఎలిశిబ గుండె జారిపోయింది.

ఎందుకు జారిందో తెలియాలంటే గుట్టు ఒకసారి గుర్తు చేసుకోవాలి. మెదక్ మిషన్ కాంపౌండు బడిలో లెక్కలు చెప్పే కృపాదానం సారూ, అతని భార్య ఎలిశిబా దూరపు చుట్టాల పెళ్ళని చెప్పి హైదరాబాదు పోయి వచ్చారు. పెళ్ళీ లేదు, పప్పన్నమూ లేదు. అక్కడ ఒక డాక్టరమ్మ కృపాదానం బీజాన్నే తీసుకుని సన్నటి గొట్టంతో ఎలిశిబ గర్భంలో ఉంచింది. అది నిలవడానికి ఒక సూదిమందు ఇచ్చింది. రోజూ మింగమని మాత్రల సీసా చేతిలో పెట్టింది. ఈ సంగతి భార్యాభర్తలకూ, ఆ సీసాను తన గాజుల పెట్టెలో దాచిపెట్టిన పక్కింటి ఖమర్ జహాన్‌కూ తప్ప ఊళ్ళో నరమానవుడికి తెలియదు.

బస్సెక్కే ముందు డాక్టరమ్మ మంచి మాటే చెప్పింది. "ఈ మాత్రలతో వికారం వస్తుందమ్మా. కడుపు పాడవుతుంది. అది చూసి బిడ్డ నిలిచిందని సంబరపడకు. రాకపోతే నిలవలేదని ఏడవకు. ఈ సూదిమందు కూడా కడుపుతో ఉన్నవాళ్ళ ఒంట్లో ఉండేలాంటిదే. అది ఒంట్లో ఉన్నన్నాళ్ళు ఏ పరీక్ష చేసినా కడుపున్నట్టే చూపిస్తుంది. నెల తప్పి, ఆపైన కొన్నాళ్ళు గడిచేదాకా ఎవరు చెప్పినా నమ్మకు, నీ కడుపు చెప్పినా సరే."

చెప్పడం తేలికే. తెల్లారి లేస్తే గంజి వాసనకు కడుపులో తిప్పుతుంటే, మధ్యాహ్నానికి రెండు ముద్దలు తింటే అవీ నిలవకుండా పోతుంటే, ఏ ఆడది ఆశపడకుండా ఉంటుంది? ఎలిశిబ ఆశపడింది. పడి, తనను తానే తిట్టుకుంది. పొట్ట మీద చెయ్యి వేసుకోబోయి, ఎవరో చూసినట్టు తీసేసుకుంది.

ఇంతలో రెండు రోజులకు ఆ కడుపు మరీ మొండికేసింది. వాంతులకు తోడు విరేచనాలు. మనిషి వడిలిన తోటకూరలా అయింది. జ్ఞానమ్మ ఇక ఆగలేదు. "లే బిడ్డా, దవాఖానకు పోదాం. జర ఓపిక జేసుకో" అని చెయ్యి పట్టుకుని నడిపించింది. దవాఖానలో నర్సమ్మ నాలుక చూసింది, నాడి పట్టింది, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు తాగమంది, ఒక చిన్న సీసా ఇచ్చి మూత్రం పట్టుకు రమ్మంది. మామూలు పరీక్షే అనుకుని ఎలిశిబ ఇచ్చేసింది. ఆ సీసా నర్సమ్మ చేతినుంచి జ్ఞానమ్మ చేతికి, ఆమె చేతినుంచి లాబొరేటరీ గదిలో ఉండే జయానందం చేతికి పోయిన సంగతి ఆమెకేం తెలుసు?

జయానందం గది వెనక ఒక సిమెంటు తొట్టి ఉంది. దానిమీద ఇనుప జాలీ, జాలీ మీద ఒక రాయి. తొట్టిలో కప్పలు. వానాకాలంలో చెరువు గట్టు మీద తిరిగి తనే పట్టుకొచ్చి, ఈగలూ పురుగులూ వేసి సాకుతుంటాడు. కడుపుతో ఉన్నారో లేదో తేలాలంటే ఆ రోజుల్లో వాటినే అడగాలి. మూత్రాన్ని సూదితో కప్ప చర్మం కిందికి ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, ఆ కప్ప వదిలిన నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాడు జయానందం. అందులో మగకప్ప బీజకణాలు కనబడితే ఆ ఇంట్లో పండగ, లేకపోతే ఏడుపు. కాంపౌండు ఆడవాళ్ళు ఆ తొట్టి పక్కనుంచి పోయేటప్పుడు తెలియకుండానే అడుగు నెమ్మది చేసేవారు.

ఆ సాయంత్రం ఎలిశిబ మంచం మీద పడుకుని ఉంది. వాకిట్లో జయానందం గొంతు వినబడింది.

"జ్ఞానమ్మగారూ, వందనాలు. జర కూసుండుండ్రి, కూసున్నంక చెప్త."

"కూసునేదేంది, చెప్పు నాయనా."

"కప్ప ఔనన్నది."

లోపల ఎలిశిబ లేచి కూర్చుంది.

జ్ఞానమ్మ అంటే చాటింపు వేయడంలో దిట్ట. ఊరూరు తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి, గొంతు దాచుకోవడం ఆమెకు రాదు. పొయ్యి మీద టీనీళ్ళు మరిగేలోపల కాంపౌండంతా కోడై కూసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే ఒకామె ఉయ్యాల బట్ట కుడతానంది, ఇంకొకామె పేరు ఆలోచించింది. ఆదివారం కోత పండుగ. పంటలో మొదటిది చర్చికి తెచ్చి అర్పించే రోజు. కోడలి కడుపు పండితే ఒక పొట్టేలునిస్తానని జ్ఞానమ్మ ఎన్నడో మొక్కుకుంది. ఒక పొట్టేలును ముద్దుగా సాకుతూనే ఉంది. ఆ పూటే చర్చి అయ్యగారి బంగళాకు పోయి, ఈ ఆదివారం తన కృతజ్ఞతార్పణ ఉంటుందని చెప్పి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఎలిశిబ, చక్కెర అడుక్కొస్తానని చెప్పి, రోజూలాగే పరగడుపున ఖమర్ జహాన్ ఇంటికి పోయింది. ఖమర్ గాజుల పెట్టె తెరిచి, సీసాలోంచి మాత్ర తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"కప్ప అబద్ధమాడింది ఖమర్. సూదిమందు అట్ల ఆడించింది."

"ఆడిందో ఆడలేదో నీకెట్ల ఎరుక?"

"నాకూ తెల్వది. గదే బాధ. ఉంటే ఉండొచ్చు, లేకుంటే లేకపోవచ్చు. రేపు చర్చిల అందరి ముంగట అత్తమ్మ స్తోత్రం జెప్తది. ఎల్లుండి నాకు నెల వస్తే? నిలిచిన బిడ్డను పోగొట్టుకున్నదంటరు. ఆమె మొకం ఎత్తుకోని ఊర్లకు ఎట్ల పోతది?"

"మరి చెప్పు మీ అత్తకు. కప్ప నోరు మూయించుడు నీతోని కాదుగాని, మీ అత్త నోరు నువ్వే ఆపాలె."

"చెప్తే అంతా చెప్పాలె ఖమర్."

అదే చిక్కు. కప్ప మాట ఎందుకు నమ్మకూడదంటే సూదిమందు సంగతి చెప్పాలి. సూది ఎందుకంటే హైదరాబాదు సంగతి చెప్పాలి. హైదరాబాదు ఎందుకంటే, దోషం కోడలిలో లేదు, కొడుకులో ఉందని చెప్పాలి. ఒక పోగు లాగితే బట్టంతా ఊడి వస్తుంది. మూడేళ్ళ కింద డాక్టరు పరీక్షలో ఆ సంగతి తేలినప్పుడు, రామాయంపేట బస్టాండు బెంచీ మీద కృపాదానం తల వంచుకుని కూర్చుంటే, అతని చెయ్యి పట్టుకుని ఎలిశిబే అంది: నాలోనే ఉందని చెప్పండి, మీ అమ్మకు నేనంటే ఎట్లాగూ కోపమే, ఇంకొంచెం పెరిగితే నాకు పోయేదేం లేదు అని. ఎంత తేలిగ్గా అంది. ఆ మాటను అన్నాళ్ళు మోయడం ఎంత బరువో మోసినవాళ్ళకే తెలుస్తుంది. గొడ్రాలన్న పేరును ఆమె తన పేరు పక్కన పెట్టుకుని తిరిగింది, ఒక్కసారి కూడా దించలేదు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం జ్ఞానమ్మ బావి దగ్గర పొట్టేలును కడుగుతోంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కుంకుడు నురుగు దాని ఒంటికంతా పట్టించి, నిలబడవే అని బతిమాలుతూ, నిలబడకపోతే తిడుతూ ఉంది. ఎలిశిబ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అత్తమ్మా, ఒక మాట చెప్పాలె. తిట్టుండ్రి, కొట్టుండ్రి, గాని మొత్తం చెప్పేదాక ఆపకుండ్రి."

చెప్పింది. పోగు తర్వాత పోగు, మొత్తం. మాత్రల వికారం, సూదిమందు, కప్ప, హైదరాబాదు, సన్నటి గొట్టం, చివరికి రామాయంపేట బెంచీ. చెబుతున్నంతసేపూ పొట్టేలు మెడ కిందే చూస్తూ చెప్పింది. అయిపోయాక కూడా తలెత్తలేదు. ఇప్పుడు అత్త ఆ ఒక్క ప్రశ్న అడుగుతుందని తెలుసు. గొట్టంతో ఉంచిన బిడ్డ ఎవరి బిడ్డ అని. లోకంలో ఎవరైనా ముందు అదే అడుగుతారు. జవాబు ఆమె దగ్గర ఉంది, ఆయనదేనని. కానీ ఆ ప్రశ్న అడిగించుకున్నాక ఈ ఇంట్లో మళ్ళీ అన్నం తినగలనా అనుకుంది.

జ్ఞానమ్మ చేతులు ఆగిపోయాయి. నురుగు మోచేతుల మీదుగా కారుతోంది. పొట్టేలు ఇదే సందని ఒళ్ళు విదిలించి ఇద్దరినీ తడిపేసింది. ఎవరూ తుడుచుకోలేదు.

"మూడేండ్ల సంది ఎరుకనా నీకు?"

"ఎరుకనే."

"మరి నేను టేక్మాల్‌కెళ్ళి తెచ్చిన కషాయం?"

"తాగిన."

"రేగోడ్ ముసల్ది ఇచ్చిన వేర్ల పొడి?"

"అది గూడ తాగిన అత్తమ్మా. మస్తు చేదుండె."

"నీకేం లేదని ఎరుకుండి తాగినవా?"

ఎలిశిబ తలూపింది.

"నా కొడుకు మొకం చూసి తాగినవా?"

"ఆయన మొకం చూసి కాదు. మీ మొకం చూసి. బస్సు దిగి ఎండల ఊర్ల పొంటి నడిచి తెచ్చిండ్రు గద. కాళ్ళు పొక్కులొచ్చినయ్. పారబోయ బుద్ధి కాలే."

జ్ఞానమ్మ బావి గట్టు మీద కూలబడింది. ఊళ్ళో పెద్దమనుషుల ముందు, ఎద్దేవా చేసిన కుర్రకారు ముందు, ఒక్కతే నిలబడి వాక్యం చెప్పిన మనిషి. ఎవరి మాటకూ ఆమె కూర్చుండిపోగా ఎవరూ చూడలేదు. కొంచెంసేపు ఆమె ముఖం ఏడుస్తుందో నవ్వుతుందో తెలియకుండా ఉంది. తర్వాత రెండూ చేసింది. తడి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటే కుంకుడు రసం పడి మంటపుట్టింది, దాన్ని తిట్టి మళ్ళీ ఏడ్చింది.

"నేనేమో ఊరూరు తిరిగి ఓర్పు గురించి చెప్తిని. నా ఇంట్లనే ఇంత ఓర్పు ఉన్నదని నాకు తెల్వకపాయె" అంది.

ఆ ఒక్క ప్రశ్న ఆమె అడగలేదు. ఇప్పుడే కాదు, ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఎలిశిబ చచ్చేదాకా అత్తను తలుచుకున్నప్పుడల్లా ఆమె చెప్పిన వాక్యాలకంటే, చేసిన ప్రార్థనలకంటే, అడగకుండా వదిలేసిన ఆ మాటనే ముందు తలుచుకునేది. గొప్ప మనసంటే ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆమె దగ్గర అదే ఉంది.

"గా మాత్రలు ఏడున్నయ్?"

"ఖమరింట్ల."

"రోజూ పొద్దుగాల చక్కెరకని పోయేది గందుకేనా? పరగడుపునే మింగుతున్నవా?"

"మీరు పొయ్యి ముట్టించేలోపల పోయి రావాలె గదా."

"అరే, ఉత్త కడుపుల గంత మందు పడితే తిప్పదా మరి? మందు సగం తిప్పితే, దాచుడు సగం తిప్పుతున్నది నిన్ను. పో, పోయి ఆ సీసా తెచ్చి మనింట్ల ఉప్పు డబ్బా పక్కన పెట్టు. ఇంత జావ తాగినంకనే మింగాలె. దాచుడు ఇయ్యాల్టితోని బందు."

"మరి రేపు పొట్టేలు? అయ్యగారికి చెప్పుకున్నరు గద."

జ్ఞానమ్మ లేచి తన పాత చీర తెచ్చి పొట్టేలు ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. "పొట్టేలు సంగతి నాకొదిలేయ్" అంది.

ఎలిశిబ జొన్న జావ తాగింది. మాత్ర మింగింది. కడుపులో తిప్పింది, కానీ నిలిచింది. చాలా రోజుల తర్వాత ఒక పూట తిన్నది ఒంట్లో ఉండిపోయింది. బడినుంచి వచ్చిన కృపాదానం మంచినీళ్ళ కోసం వంటింట్లోకి పోయి, ఉప్పు డబ్బా పక్కన మాత్రల సీసా చూసి అక్కడే నిలబడిపోయాడు. తల్లి పళ్ళెం పెట్టింది, అన్నం వడ్డించింది, పక్కన కూర్చుని తింటుంటే చూసింది. అతను మాత్రం రెండు ముద్దలకంటే ఎక్కువ తినలేకపోయాడు.

ఆదివారం చర్చి ముందంతా పచ్చి వాసన. వడ్ల గంపలు, మక్క కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆ వాసనకు ఎలిశిబకు మళ్ళీ వికారం మొదలైంది. ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ముందు వరుసల్లో తలలు తిరిగి తిరిగి ఆమెనే చూస్తున్నాయి. మగవాళ్ళ వైపు మూలన కృపాదానం ఎప్పటిలాగే హార్మోనియం ముందున్నాడు. అర్పణలు తెచ్చేవాళ్ళు నడుస్తున్నంతసేపూ సన్నగా వాయిస్తూ ఉండటం అతని పని. లెక్కలు చెప్పడం, హార్మోనియం వాయించడం తప్ప నలుగురిలో అతని గొంతు విన్నవాళ్ళు లేరు. దేవుడు చేసిన మేలు గురించి అందరూ సాక్ష్యాలు చెప్పే ప్రార్థన కూడికల్లో కూడా అతను గోడ పక్కకు జరిగి కూర్చునేవాడు.

జ్ఞానమ్మ వంతు వచ్చింది. తెల్లగా కడిగిన పొట్టేలు చర్చి గడప దాటనని మొరాయించింది. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో దాని కొమ్ము పట్టుకుని లాక్కుంటూ ముందుకు వచ్చింది. నవ్వులు వినబడ్డాయి. అయ్యగారు కూడా నవ్వుతూనే అడిగారు.

"జ్ఞానమ్మగారూ, ఈ అర్పణ దేనికోసమో సంఘానికి మీరే చెప్పండి."

అందరికీ తెలిసిన జవాబే. కప్ప ఎప్పుడో చెప్పేసింది. అయినా ఆమె నోట వినాలని అందరూ మెడలు చాచారు. ఎలిశిబ కళ్ళు మూసుకుంది.

"నా కోడలి కొరకు" అంది జ్ఞానమ్మ.

"కోడలి కడుపున పడ్డ బిడ్డ కొరకు, అవునా?"

"బిడ్డ సంగతి ఇంకా ఎవలికీ తెల్వదు అయ్యగారూ. నాకూ తెల్వదు, కప్పకూ తెల్వదు. తొందరపడి చాటుకున్నది నేను, తప్పు నాది. ఇస్తే ఇస్తడు ప్రభువు, ఇయ్యకుంటే లేదు. నేను మొక్కింది బిడ్డ కొరకే గాని, ఇయ్యాల ఇచ్చేది ఎలిశిబ కొరకు. నాకిసువంటి కోడలినిచ్చిండు గదా, గందుకు. ఇన్నేండ్లు ఆమెను గొడ్రాలన్న నోరు నాదే. ఆ నోటితోనే చెప్తున్న, అందరు ఇనుండ్రి. ఆమెల ఏ లోపం లేదు."

చర్చిలో గుసగుస గాలిలా లేచింది. లోపం ఆమెలో లేకపోతే మరి ఎక్కడుందని ఎవరికి వాళ్ళు అడుక్కుంటున్నారు. ఎలిశిబకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, ఆ వెంటనే భయం వచ్చింది. అత్త తన పేరు నిలబెట్టింది. మరి మూడేళ్ళు తను దాచి కాపాడిన మనిషి?

అప్పుడు హార్మోనియం ఆగిపోయింది.

ఎవరూ గమనించకుండా వాయించే వాయిద్యం ఆగిపోతేనే తెలుస్తుంది. తలలన్నీ మూలకు తిరిగాయి. కృపాదానం హార్మోనియం మెట్ల మీదనుంచి చేతులు తీసి, తిత్తి మూసి, లేచి నిలబడ్డాడు. ఎలిశిబ వద్దని కళ్ళతోనే చెప్పింది, చెయ్యెత్తి చెప్పింది. అతను ఆమె వైపు చూసి, ఇక చాలు అన్నట్టు తలూపాడు.

"అయ్యగారూ, మా అమ్మ సగమే చెప్పింది. మిగిలిన సగం నేను చెప్పాలె."